చెదల గుంపులో తగువు

మూడో అంతస్తు, వంటింటి బల్ల దగ్గర
జూన్, సోమవారం

వదినకు,

అన్నయ్య ఎలా ఉన్నాడు? తుంటి ఎముక అతుకుతోందా? ఒకే పక్కకి పడుకుంటే వీపు పుండవుతుంది, పూటకోసారైనా ఒత్తిగిలిస్తున్నారా? నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మేనల్లుడికి కడుపులో మంట తగ్గిందా? వాడు కోపమొస్తే తిండి మానేస్తాడు, ఆ మంట మందులతో పోయేది కాదు. కోడలి నడుం నొప్పి ఎలా ఉంది? మనవరాలి దగ్గు పోయిందా, పోయినట్టే పోయి మళ్ళీ వచ్చిందా? మీ వీధి చివర కుక్క ఎవర్నో కరిచిందన్నావు. ఎవర్ని? మనవాళ్ళని కాదు కదా?

నా సంగతి అడగవద్దు. ఫోనులో నా చెవికి సగం మాటలే పడతాయి. మిగతా సగం నేనే ఊహించుకుని హడలిపోతాను. అందుకే ఉత్తరం. అన్నయ్య పడ్డాడని తెలిసిన దగ్గర్నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. ఆ రోజే రావలసింది, నువ్వు వద్దన్నావని ఆగాను. ఇప్పుడైనా వచ్చి ఒక్కసారి కళ్ళారా చూసి పోతాను. నాకు ముందు పుట్టినవాళ్ళలో మిగిలింది అన్నయ్య ఒక్కడే. ఎప్పుడు రమ్మంటావో రాయి.

ఇక్కడ అమ్మాయి గురించి బెంగ. కాలేజీలో చెదపురుగుల మీద దాని పని నీకు తెలిసిందే. ఇప్పుడు ఆ చెదల మీద చదువుకున్నవాళ్ళందరికీ ఒక గుంపు ఉంది. కంప్యూటర్లోనే. ఒకరు రాస్తే నాలుగు దిక్కులా అందరికీ పోతుంది. ఆ గుంపుకి మా అమ్మాయే పెద్ద. నా మేనల్లుడు, మీ అబ్బాయీ అందులోనే ఉన్నాడాయె. ఎవరైనా హద్దు మీరితే వాళ్ళ ఉత్తరాలు ఆపే అధికారం అమ్మాయిది. అదే ఒక నియమం కూడా పెట్టింది. ఎవరితోనైనా వాదం వేసుకోవాలంటే, ముందు ఎదుటివాళ్ళు చెప్పింది మన మాటల్లో తిరిగి చెప్పాలి. వాళ్ళు "అవును, నేనన్నది అదే" అని ఒప్పుకోవాలి. అప్పుడు గానీ మన మాట మొదలుపెట్టకూడదు. విన్నప్పుడు నాకు ముచ్చటేసింది.

కానీ మనవాడు ఆ నియమాన్నే కర్ర చేసుకుని కొడుతున్నాడు. పుట్టకి బెజ్జం పడితే పెద్ద తలల చెదలు కాపలాకి బయటికొస్తాయట. లోపలి కూలి చెదలు మట్టితో బెజ్జం మూసేస్తాయట. మూసేముందు చిన్న సందు వదులుతాయి, కొన్ని కాపలావి లోపలికొచ్చేస్తాయి అంటుంది అమ్మాయి. అదేం లేదు, బయటివి బయటే చస్తాయి అంటాడు వాడు. చెదలు వీళ్ళిద్దరి సొమ్మూ ఏం తిన్నాయో నాకు తెలియదు. నిన్న వాడు గుంపులో ఇలా రాశాడు. నేను గింజలు ఒలుస్తుంటే అమ్మాయి చదివి వినిపించింది. "గౌరవనీయ సోదరి వాదన నాకు అర్థమైనంతవరకు ఇది: ఆవిడ లెక్కపెట్టినవి చెదలు. ఆవిడ లెక్కపెట్టలేకపోయినవి చెదలు కావు." మెత్తటి చెప్పుతో కొట్టడం అంటే ఇదే కదా. పైగా మేనమరదల్ని పట్టుకుని సోదరీ అంటాడా! అదెక్కడి మర్యాద?

దానికి నిద్ర లేదు. ఆమధ్య చెదల్ని ఉంచే పళ్ళెం చెయ్యి జారి రెండు పుట్టల చెదలు కలిసిపోయాయట. తలల మీద రంగు చుక్కలు పెట్టి లెక్కపెట్టినవి. ఆ లెక్క తారుమారైందని తల పట్టుకుని కూర్చుంది. నీకు తప్ప ఎవరికి చెప్పుకోను? ఈ మాట నీ దగ్గరే ఉంచు.

ఇట్లు,
కంగారమ్మ (మీరంతా పెట్టిన పేరే)

*

మా ఇల్లు, ముందు గది
జూన్ ఆఖరు

కంగారమ్మకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగిన వరసలోనే చెబుతాను, లేకపోతే మళ్ళీ ఇంకో ఉత్తరం రాస్తావు. ఆయన బాగానే ఉన్నారు. ఒత్తిగిలిస్తున్నాం. నా మోకాళ్ళు నా దగ్గరే ఉన్నాయి. అబ్బాయి కడుపు, కోడలి నడుం, పిల్ల దగ్గు, అన్నీ సుఖం. కుక్క పోస్టుమాన్‌ని కరిచింది. అతను బతికే ఉన్నాడు, నీ ఉత్తరం తెచ్చింది అతనే.

ఇప్పట్లో రావద్దు. డాక్టరు మనుషుల్ని రానివ్వద్దన్నాడు. నువ్వొస్తే గుమ్మంలోనే మొదలుపెడతావు, నీ ఏడుపు చూసి ఆయన ఏడుస్తారు, ఇద్దరికీ నేను నీళ్ళందించాలి. కుదుటపడ్డాక నేనే కబురు చేస్తాను.

పిల్లల తగువులో మనం వేలు పెట్టకూడదు. అయినా అబ్బాయి ఎప్పుడూ మర్యాద తప్పడు. "గౌరవనీయ" అని లేకుండా ఒక్క ఉత్తరమైనా మొదలుపెట్టడు, నేను చూశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మీ అమ్మాయికే ప్రతి మాటా గుచ్చుకుంటుంది. కాస్త చర్మం మందంగా ఉండాలని చెప్పు.

ఆ పళ్ళెం సంగతి విని మనసు చివుక్కుమంది పాపం. ఏ పుట్టలు కలిసిపోయాయి? ఎన్నాళ్ళ కష్టం? ఇంత చదివిన పిల్లకి చెయ్యి ఎలా జారిందమ్మా?

వదిన

*

మూడో అంతస్తు, వంటింటి బల్ల దగ్గర
ఆగస్టు, బుధవారం

వదిన గారికి నమస్కారములు.

మీరందరూ క్షేమమని తలుస్తాను. విడివిడిగా అడగటం లేదు. అడిగితే మీరు వరసపెట్టి జవాబు చెప్పాలి, మీకు శ్రమ.

మొన్న పొద్దున ఏం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఎప్పటిలా పైకి చదువుతోంది. మీ అబ్బాయి ఉత్తరం. "గౌరవనీయ సోదరి ఇంటివారి ద్వారానే తెలిసిన విషయం: ఆవిడ పళ్ళెం జారిపడి రెండు పుట్టల చెదలు కలిసిపోయాయి. ఆ కలగూరగంప లెక్క మీదనా మనం సిద్ధాంతం కడుతున్నది?" అంతవరకు చదివి ఆగిపోయింది. కుర్చీ తిప్పి నా వైపు చూసింది.

"అమ్మా, పళ్ళెం సంగతి నేను నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

"నేనెవరికి చెప్పాను? నేనెవరికీ..." అన్నాను.

"అత్తయ్యకి ఏం రాశావు?"

"నీకు నిద్ర పట్టడం లేదని రాశాను. లెక్క తారుమారైందని రాశాను."

"ఆ పుట్టలు రెండూ లెక్కలోంచి తీసేశానని రాశావా?"

అది నాకు చెప్పిందట. నేను విన్నానట. నా బెంగలో ఆ ముక్క ఎగిరిపోయింది. పాడు చేసిందని రాశాను, పాడైంది తీసిపారేసిందని రాయలేదు. సగం మాటే మీ ఇంటికి చేరింది. అంతమాత్రానికే మీ అబ్బాయి దాన్ని గుంపంతా తిప్పాడు.

అమ్మాయి నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజే మీ అబ్బాయి ఉత్తరాలు ఆపేసింది. ఇళ్ళలో విన్న మాటలు గుంపులోకి తేకూడదని మొదటి నుంచీ ఉన్న నియమమేనట. దాన్ని మీరితే ఈ సంవత్సరం పూర్తయ్యేదాకా శిక్ష. అంతకుముందు ఇద్దరికి అలాగే వేసింది, ఇప్పుడు మీవాడికి. మేనమామ కొడుకని తగ్గించలేదు, తగవులాడాడని పెంచలేదు.

ఒక్కటి అడుగుతాను. "ఈ మాట నీ దగ్గరే ఉంచు" అని రాశాను కదా. ఏ పుట్టలు, ఎన్నాళ్ళ కష్టం అని మీరు అంత ప్రేమగా ఆరా తీసింది మీ కొడుక్కి అందించడానికా?

అన్నయ్యని చూడటానికి ఈ నెలాఖరుకి వస్తాను.

మీ ఆడపడుచు

*

మా ఇల్లు, ముందు గది
ఆగస్టు, మూడో వారం

కంగారమ్మకు,

నువ్వు "గారు", "మీరు" మొదలుపెట్టినప్పుడే తెలిసింది కత్తి నూరుకున్నావని. నాకు అంత మర్యాద చేతకాదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

అవును, చెప్పాను. నా కొడుకుతో నేను మాట్లాడుకోవడానికి మీ అమ్మాయి అనుమతి కావాలా? అబద్ధం చెప్పానా? పళ్ళెం జారలేదా? జారింది. కలవలేదా? కలిశాయి. రాసింది నువ్వు. సగం రాసింది కూడా నువ్వే. నీ నోటికి లేని తాళం నా నోటికి వెయ్యమంటావా?

పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. ఒక గుంపుకి పెద్దని చేస్తే మేనమామ కొడుకు నోరే కుట్టేసింది మీ అమ్మాయి. శీతాకాలంలో వాళ్ళ సభ ఉంది. గుంపులో ఉన్నవాళ్ళే అందులో మాట్లాడాలట. వాడు రెండేళ్ళుగా దాని కోసం రాసుకుంటున్నాడు. ఎప్పుడు మా ఇంటికొచ్చినా గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. పలకరిస్తే కసురుతాడు. తల్లిగా నాకు అది కనిపిస్తోంది, మీ అమ్మాయి నియమాలు కనిపించడం లేదు.

నెలాఖరుకి వస్తానన్నావు. రావద్దు. ఇది డాక్టరు మాట కాదు, నా మాట. మా వాడి ఉత్తరం ఆ గుంపులో ఏ రోజు పడితే ఆ రోజు మా గుమ్మం నీకు తెరిచి ఉంటుంది. మీ అన్నయ్య ఎక్కడికీ పోరు, మంచం మీదే ఉంటారు.

వదిన

*

మూడో అంతస్తు, వెనక గది
సెప్టెంబరు, శుక్రవారం

వదినా,

"మీరు" మానేశాను. నీకు అది రుచించలేదు, నాకూ చేతగాలేదు.

నీ ఉత్తరం బియ్యం డబ్బా వెనక దాచాను. నువ్వు పెట్టిన షరతు అమ్మాయికి తెలియదు. తెలిస్తే ఏం చేస్తుందో అని భయం. నాకోసం మనసు చంపుకుని ఒప్పుకుంటుందేమో అని ఒక భయం, ఒప్పుకోదేమో అని ఇంకో భయం. అది కాలేజీకి వెళ్ళాక ఉత్తరం తీసి మళ్ళీ చదువుతాను, అక్షరం మారిందేమోనని.

ఇక్కడ గుంపు నిప్పులకొంప అయిపోయింది. సగం మంది అమ్మాయి వైపు, సగం మంది మేనల్లుడి వైపు. అందరూ "గౌరవనీయ" తోనే మొదలుపెడతారు, "భవదీయ" తోనే ముగిస్తారు, మధ్యలో మనిషిని నిలువునా చీరేస్తారు. ఒకాయన రాశాడు, మర్యాద అంటే చేతకానివాళ్ళు పట్టుకునే గొడుగట. ఇంకొకావిడ, నిర్వాహకురాలికి చెదల కంటే అధికారమే ఎక్కువ తెలుసు అని రాసింది. ముసలాయన ఒకడు పాపం, "మనం చెదల గురించి మాట్లాడి మూడు వారాలైంది" అని గుర్తు చేస్తే, ఆయన్నీ రెండు వైపుల వాళ్ళూ వాయించారు. మేనల్లుడి నోరు మూసేసిందంటావు గానీ, వాడి తరఫున వందమంది నోళ్ళు తెరిచారు. అమ్మాయి ఒక్కర్నీ ఆపలేదు. తనని తిట్టిన ప్రతి ఉత్తరాన్నీ తన చేత్తోనే గుంపులోకి వదిలింది. "నన్ను తిట్టడం తప్పు కాదమ్మా, ఇంటి మాట తేవడమే తప్పు" అంటుంది. అన్నది గానీ, స్నానాల గదిలో కుళాయి చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. కుళాయి చప్పుడు కింద ఏముందో నేను వినలేననుకుంటుంది. ఫోను పడదు గానీ, నా చెవికి అది పడుతుంది.

వాళ్ళ నియమం మనమూ పాటిద్దాం వదినా. నీ మాట నా మాటల్లో చెబుతాను. "నా కొడుకు దొర. నీ కూతురు దొంగ. నీ అన్నయ్య తాకట్టు వస్తువు." నువ్వన్నది ఇదేనా? అవునంటే అవునని రాయి. అప్పుడు నా మాట మొదలుపెడతాను.

అన్నయ్య నా గురించి అడుగుతున్నాడా?

కంగారమ్మ

*

మా ఇల్లు, ముందు గది
అక్టోబరు మొదట్లో

కంగారమ్మకు,

తాకట్టు అన్న మాట నేను వాడలేదు. మిగతా రెండూ సరే.

ఇక నీ మాట నా మాటల్లో. "మా అమ్మాయి ధర్మదేవత. నేను నోట్లో వేలు పెడితే కొరకలేని దాన్ని. మా వదిన రాక్షసి." ఇదే కదా? ఒప్పుకున్నట్టే రాసుకుంటున్నాను. ఇప్పుడు నా మాట విను.

మీ అమ్మాయికి మా వాడి మీద కక్ష ఈనాటిది కాదు. వాళ్ళిద్దరికీ పెళ్ళి చేద్దామని మీ అన్నయ్య అన్నప్పుడు మేము ముందుకు రాలేదనే అది. ఆ ఉక్రోషం ఇన్నాళ్ళూ చెదలు పట్టకుండా దాచుకుంది. నలుగురిలో అధికారం చేతికి రాగానే బయటికి తీసింది.

ఎముక సరిగ్గా అతకలేదు. నవంబరు ఆఖర్లో మళ్ళీ కొయ్యాలంటున్నాడు డాక్టరు. ఈ వయసులో మత్తు ఇస్తే ఎలా ఉంటుందో చెప్పలేనన్నాడు. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. నువ్వు ఎలాగూ భయపడతావు. అంతలోపల చూడాలనుకుంటే దారి నీ చేతిలోనే ఉంది. నీ కూతుర్ని ఒక్కమాట అడుగు. తల్లివి కాదా? అడగలేవా? ఒక మీట నొక్కితే అయిపోయే పనికి ఇన్ని ఉత్తరాలా?

ఆయన నీ గురించి అడగలేదు.

వదిన

*

మూడో అంతస్తు, కిటికీ పక్కన
అక్టోబరు ఆఖరు, ఆదివారం

వదినా,

కవరు మీద ఈసారి అన్నయ్య పేరు రాశాను. నువ్వు విప్పి చదివి దాచేస్తావో, ఆయన చేతికిస్తావో నీ ఇష్టం. కానీ దాచేటప్పుడు ఆ పేరు చూస్తూ దాచాలి.

ముందు పెళ్ళి సంగతి. వద్దన్నది మీరు కాదు. మా అమ్మాయి. "బావ వాదనలో గెలిస్తే అన్నం తినడు, ఓడితే మాట్లాడడు, నాకు అంత ఓపిక లేదు" అంది. మీకు చిన్నతనం అవుతుందని మేము బయటపెట్టలేదు. ఇన్నేళ్ళూ మీరే కాదన్నట్టు ఊళ్ళో చెప్పుకున్నారు, చెప్పుకోనిచ్చాం.

నువ్వు చెప్పినట్టే అమ్మాయిని అడిగాను. కొయ్యడం సంగతి చదివాక ఇక ఆగలేకపోయాను. అది గుడ్డలు మడత పెడుతోంది. నేను పక్కన కూర్చుని ఒక తువ్వాలు తీసుకుని మడిచి, విప్పి, మళ్ళీ మడిచాను.

"ఏమిటమ్మా?" అంది.

"మీ బావ ఉత్తరాలు వదిలేయకూడదుటే?"

"ఎందుకు?"

"పెద్ద మనసు చేసుకుని."

"పెద్ద మనసు ఇప్పుడెందుకొచ్చింది? ఎవరడగమన్నారు?"

బియ్యం డబ్బా వెనక్కి చెయ్యి పెట్టి నీ ఉత్తరాలు తీసి ఇచ్చాను. నిలబడే చదివింది. ముక్కుపుటాలు అదిరాయి, దానికి కోపం అక్కడే కనిపిస్తుంది. చదివి బల్ల మీద పెట్టింది. తర్వాత అంది.

"నువ్వు వదలమంటే వదిలేస్తాను. మామయ్య కంటే గుంపు ఎక్కువ కాదు నాకు. కానీ వదిలాక ఆ గుంపుకి పెద్దగా ఉండలేను. ఇంతకుముందు ఇదే శిక్ష పడ్డ ఆ ఇద్దరికీ నేనేం చెప్పను? మీకు మేనత్త లేదు, అందుకే మీ శిక్ష తగ్గలేదు అని చెప్పనా? వదిలి, అదే ఉత్తరంలో నేనూ తప్పుకుంటాను. చెప్పమ్మా. ఇప్పుడే రాస్తాను."

కుర్చీలో కూర్చుంది కూడా. వేళ్ళు మీటల మీద పెట్టింది. నేను అవునంటే చాలు.

నా సంగతి నీకు తెలుసు. పాలు పొంగితే భయం, పొంగకపోతే భయం. ఆ నిమిషంలో నాకు ఏ భయమూ తోచలేదు. దాని వీపు కనిపించింది. ఈ నాలుగు నెలల్లో భుజాలు ముందుకి వంగిపోయాయి. వందమంది తిట్లు మోసిన వీపు. దాని మీద నేనూ ఒక రాయి పెట్టాలా?

"వద్దు. లే. గుడ్డలు మడత పెడదాం" అన్నాను.

కాబట్టి నేను రాను వదినా. నీ షరతు మీద రాను. కొయ్యడానికి ముందు చూడకపోతే ఇక చూడనేమో. అయినా రాను. అన్నయ్య అడగలేదన్నావు. అడిగితే మాత్రం నాకు ఒంట్లో బాగాలేదనో, బండి దొరకలేదనో చెప్పకు. నువ్వు రానివ్వలేదని చెప్పు. ఎందుకు రానివ్వలేదో కూడా చెప్పు. నన్ను కంగారుది అనుకున్నా పరవాలేదు, ప్రేమ లేనిది అనుకోకూడదు.

కంగారమ్మ

*

మా ఇల్లు, వసారా
నవంబరు, మొదటి వారం

కంగారమ్మకు,

తృప్తిగా ఉందా? ఉండాలి. నువ్వు విసిరిన రాయి మా ఇంట్లో అద్దాలన్నీ పగలగొట్టింది.

ఆ కవరు నా చేతికి రాలేదు. ఆదివారం అబ్బాయి వచ్చాడు. గేటు దగ్గర పోస్టు డబ్బాలోంచి ఉత్తరాలు తెచ్చి, తండ్రి పేరు చూసి, "నాన్నా, అత్తయ్య రాసింది" అంటూ మంచం పక్కన కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాడు. నేను వంటింట్లో ఉన్నాను. పరిగెత్తుకొచ్చేసరికి పెళ్ళి సంగతి చదువుతున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి గానీ ఆపలేదు. షరతు దగ్గరకొచ్చాక ఆగాడు.

ఆయన "చదవరా" అన్నారు.

"నాన్నా, ఇది..."

"చదవరా."

ఆఖరు అక్షరం దాకా చదివాడు. ఆయన నా వైపు చూడలేదు. అబ్బాయి చూశాడు.

"అమ్మా, ఇదంతా నిజమా? నా మాట గుంపులో పడటానికి నాన్నని అడ్డం పెట్టావా?"

"నీకోసమే కదరా చేశాను!"

"నాకోసమా? నాలుగు నెలలుగా నేను అందరితో అంటున్నదేమిటి? నాకు ఎవరి దయా వద్దు, నా లెక్క చూడండి అంటున్నాను. నువ్వేమో వెనక తలుపు దగ్గర నా తరఫున ముష్టెత్తావు. తను వదిలేసి ఉంటే రేపు నేను అది నా గెలుపనుకుని సభలో రొమ్ము విరుచుకు నిలబడేవాణ్ణి కదమ్మా!"

అరిచాడు. కన్నతల్లి మీద. అక్కడే కూర్చుని మీ అమ్మాయికి విడిగా ఉత్తరం కూడా రాశాడట. క్షమాపణ అనుకునేవు, కాదు. ఏం రాశాడో నాకు చదివి వినిపించాడు, నన్ను ఏడిపించడానికి. "ఇంటి మాట బయటపెట్టడం నా తప్పు. శిక్ష పూర్తయ్యేదాకా రాను. ఒక్కరోజు తగ్గించినా ఒప్పుకోను. పోతే, ఆ రెండు పుట్టలూ తీసేసినా మీ లెక్క ఇంకా తప్పే." అదీ వాడి వరస. సభ పోయింది. రెండేళ్ళ పని పెట్టెలో పెట్టాడు.

ఇక మీ అన్నయ్య సంగతి. అడగలేదని రాశాను. అబద్ధం. రోజూ అడుగుతూనే ఉన్నారు. "దాని గొంతు వినపడటం లేదేమే", "దానికి కబురు చేశావా", "అది రాకుండా ఉండదే". పొద్దున ఒకసారి, మందులప్పుడు ఒకసారి. ఒళ్ళు తుడిచేది నేను, గిన్నె పట్టేది నేను, పేరు మాత్రం నీది. నువ్వైతే ఏం చేసేదానివి? రాయి, తెలుసుకుంటాను.

అబ్బాయి వెళ్ళిపోయాక ఆయన పక్కింటతన్ని పిలిపించి మంచం తిప్పించారు. మొహం గుమ్మం వైపుకి. ఇన్నేళ్ళలో నేను వంటింట్లోంచి వందసార్లు పిలిస్తే ఒకసారి తిరగని మెడ, ఇప్పుడు చెప్పుల చప్పుడైతే చాలు లేస్తోంది. పాలవాడు వచ్చినా లేస్తోంది. నేను ఆ గుమ్మంలోంచి లోపలికి వస్తే మళ్ళీ దిండు మీద వాలిపోతోంది. అది చూస్తూ నేను ఈ ఇంట్లో తిరగాలి.

ఇరవై ఆరున కొయ్యడం. రా. నిన్ను పిలుస్తున్నాను అనుకోకు. ఆ మెడ నొప్పి పుడుతుందని పిలుస్తున్నాను. మీ అమ్మాయి మాత్రం నా గడప తొక్కకూడదు.

వదిన

*

మూడో అంతస్తు, వంటింటి బల్ల దగ్గర
నవంబరు, గురువారం

వదినా,

నీ ఉత్తరం అందగానే సంచీ తీశాను, మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. రెండు జతల గుడ్డలు చాలా? అక్కడ చలి ఎలా ఉంది? ఇరవై ఆరుకి ముందు రక్తం పరీక్ష చేయిస్తారు కదా, చేయించారా? మత్తు ఇచ్చే డాక్టరు వేరే ఉంటాడట, అతనితో ఎవరైనా మాట్లాడారా?

నేనైతే ఏం చేసేదాన్నని అడిగావు. తెలియదు. ఇంకో మనిషి పేరు రోజూ వింటూ ఒళ్ళు తుడవడం నాకు జరగలేదు. జరిగి ఉంటే నేనూ ఉత్తరాలు దాచేదాన్నేమో. కానీ అబద్ధం రాసేదాన్ని కాదు. "అడగలేదు" అన్న నీ ఒక్క మాటతో నెలరోజులు నాకు ముద్ద దిగలేదు. అది నేను మరిచిపోను. మరిచిపోయానని మొహమాటానికి కూడా చెప్పను. నువ్వూ నన్ను క్షమించానని అనవద్దు. మన ఇద్దరికీ అది నప్పదు.

మేనల్లుడి ఉత్తరానికి అమ్మాయి జవాబు పంపింది. "ఒక్కరోజు కూడా తగ్గించే ఉద్దేశం నాకు లేదు. లెక్క తప్పయితే ఎక్కడ తప్పో జనవరిలో గుంపులో అందరి ముందూ చూపించండి." పంపి, నాలుగు నెలల తర్వాత మొదటిసారి మారు వడ్డించమని అడిగింది. వీళ్ళ మర్యాదా వీళ్ళ తగవూ నాకు అర్థం కాలేదు, కానీ గిన్నె ఖాళీ అయింది.

అమ్మాయి నీ గడప తొక్కదు. నువ్వు వద్దన్నావని కాదు, నేను వద్దన్నాను. పిలవని ఇంటికి నా కూతురు వెళ్ళదు. మామయ్యని ఆసుపత్రిలో చూస్తుంది. ఆసుపత్రి గడప నీది కాదు కదా.

నేను మూడు రోజులుంటాను. నాకు వేరే ఏమీ చెయ్యనక్కర్లేదు. ఒక కుర్చీ చాలు, మంచం పక్కన. అన్నయ్య ఎదురుగా చెదల మాట ఎత్తను, నువ్వూ ఎత్తకు. పొడవాలనిపిస్తే వంటింట్లోకి రా, అక్కడ పొడుచుకుందాం, నెమ్మదిగా, ఆయనకి వినపడకుండా. ఒళ్ళు తుడిచే వేళకి గిన్నె నేను పడతాను. పట్టనివ్వకపోతే పట్టనివ్వకు, కానీ అడగలేదని తర్వాత అనకు.

గుమ్మంలో ఏడవను. ఏడుపు బండిలోనే కానిచ్చి వస్తాను.

నేను వచ్చేదాకా మంచం మళ్ళీ తిప్పకు. పొద్దుటి బండికి టిక్కెట్టు కొన్నాను. రోజు మారదు, వాన వచ్చినా మారదు, నువ్వు వద్దని ఇంకో ఉత్తరం రాసినా అది నేను బయలుదేరాకే ఇక్కడికి చేరుతుంది. అన్నయ్యకి నీ నోటితో నువ్వే చెప్పు: పంతొమ్మిదో తారీఖు, గురువారం, పదకొండింటికల్లా.

కంగారమ్మ